యుద్ధానికి వెళ్లిన చేపల ట్రాలర్ చరిత్రను వెలికితీయడం ఎలా

బ్రిటిష్ చేపల ట్రాలర్ ఒకటి రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళానికి ఏ పని చేసిందో తెలుసుకోదలచినవారు పేరుతో కాక సంఖ్యలతో వెతకడం మొదలుపెట్టాలి. ఒకే పేరు పలు ఓడలకు ఉండేది. యజమాని మారినప్పుడు పేరు కూడా మారిపోవచ్చు. ముక్కు భాగంపై ఉండే రేవు సంఖ్యలో జీవై అంటే గ్రిమ్స్‌బీ, హెచ్ అంటే హల్, ఎల్‌టీ అంటే లోస్టాఫ్ట్. ఓడ మరో రేవుకు మారితే ఇదీ మారుతుంది. రిజిస్టరులో వేసిన అధికారిక సంఖ్య మాత్రం చివరిదాకా మారదు కనుక మొదట దాన్ని పట్టుకోండి. నౌకాదళం స్వాధీనం చేసుకున్న చేపల ఓడలకు సాధారణంగా ఎఫ్‌వైతో మొదలయ్యే మరో సంఖ్య ఇచ్చింది.

తరువాత ఫోటోను ఓపికగా చూడాలి. ముందు డెక్‌పై ఎత్తైన వేదిక, దానిమీద తుపాకీ ఉంటే అది యుద్ధకాలపు రూపమే. వెనుక అంచున పీపాల్లాంటి డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వరుసగా కనిపిస్తే ఆ ఓడ జలాంతర్గాముల వేటకు వెళ్లిందని భావించవచ్చు. డెక్‌పై తాళ్లు చుట్టే పెద్ద వించి అలాగే ఉండి, వెనుక భాగంలో నీటిపై తేలే చేప ఆకారపు ఇనుప సాధనం కనిపిస్తే అది మందుపాతరలు ఏరిన ఓడ అయి ఉండవచ్చు. విశాఖ రేవులో ట్రాలింగ్ బోట్లను చూసినవారికి దీని కిటుకు సులభంగా బోధపడుతుంది: వల నోటిని బోర్డులు పక్కలకు లాగి తెరిచి ఉంచినట్టే, ఇక్కడ ఉక్కు తాడును నీటిలో పక్కకు లాగి ఉంచితే, అది సముద్రగర్భానికి కట్టిన మందుపాతర గొలుసును తెంపేస్తుంది. బరువైన తాళ్లను ఈడ్చడంలో ఆరితేరిన జాలరులనే నౌకాదళం ఎందుకు కోరుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. వారి నైపుణ్యానికి దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

సిబ్బంది కోసం వెతికేటప్పుడు లోస్టాఫ్ట్‌ను గుర్తుంచుకోండి. ఇలాంటి ఓడలను నడిపిన నౌకాదళ విభాగం, రాయల్ నేవల్ పాట్రోల్ సర్వీస్ కేంద్రం అక్కడే ఉండేది, నావికుల సర్వీసు సంఖ్యలకు ముందు ఎల్‌టీ అని ఉండేది. సముద్రంలోనే అంతమై సమాధి లేని ఆ దళం వారి పేర్లు, సుమారు 2,400, ఆ ఊరి స్మారకంపై చెక్కి ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఓడ పేరుతోనూ గాలించవచ్చు.

బెడ్‌ఫర్డ్‌షైర్‌నే తీసుకోండి. 1935లో స్మిత్స్ డాక్ అనే ఓడల నిర్మాణ సంస్థ కట్టిన ఈ ట్రాలర్ నౌకాదళంలో ఎఫ్‌వై 141 అయింది. 1942లో అమెరికా తూర్పు తీరానికి సాయంగా పంపిన 24 ట్రాలర్లలో ఇదీ ఒకటి. ఆ మే నెలలో నార్త్ కరోలినా తీరాన యూ-558 అనే జర్మన్ జలాంతర్గామి దీన్ని ముంచింది. ఒక్రకోక్ దీవికి కొట్టుకువచ్చిన నలుగురిని అక్కడే ఖననం చేశారు, వారిలో ఇద్దరినే గుర్తించగలిగారు. సమాధుల జాబితా, స్మారకం, జర్మన్ జలాంతర్గామి రికార్డు అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూసుకోవాలి.

ఆ తరువాతే లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో రిజిస్ట్రేషన్ ముగిసిన ఓడల కాగితాలుండే బీటీ 110 శ్రేణిని అడగండి. రిజిస్ట్రీ మూసిన కాలం, రేవు, పేరు క్రమంలో ఆ కాగితాలు ఉంటాయి కనుక, ఓడ మునిగిన లేదా తుక్కుకు పోయిన సంవత్సరం చేతిలో లేకుండా వెళ్తే చాలా సమయం వృథా అవుతుంది.