డాల్మేషియన్ కుక్కపిల్లల్ని ఇచ్చేముందు చెవులు చూడండి

డాల్మేషియన్ పిల్లలు పుట్టినప్పుడు మామూలుగా తెల్లగా ఉంటాయి, దాదాపు రెండు వారాలకు మచ్చలు బయటపడతాయి. ఇంటికొచ్చిన వాళ్లంతా ఆ మచ్చలే చూస్తారు. మీరు మాత్రం చెవులు చూడండి. ఈ జాతిలో పుట్టు చెవుడు చాలా జాతులకంటే ఎక్కువ.

ఐదారు వారాల వయసులో ఒక్కో పిల్లను విడిగా వేరే గదిలోకి తీసుకెళ్లండి. గుంపులో ఉంటే చెవిటి పిల్ల కూడా తోడు పిల్లల్ని చూసి పరిగెత్తుతుంది, మనకు అస్సలు తెలియదు. అది నిద్రలోకి జారాక వెనక నుంచి తాళాల గుత్తి ఆడించండి. దగ్గరగా చప్పట్లు కొట్టొద్దు, గాలి తగిలి లేస్తుంది. మీ అడుగుల అదురుకీ లేస్తుంది. ఒక చెవే వినిపించే పిల్లయితే లేస్తుంది గానీ, శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియక అటూ ఇటూ వెతుక్కోవచ్చు. కచ్చితంగా తేల్చేది మాత్రం బేర్ పరీక్షే, అంటే శబ్దానికి మెదడు స్పందిస్తుందో లేదో యంత్రంతో చూసే పరీక్ష. దగ్గర్లో వెటర్నరీ కాలేజీ ఉంటే అడిగి చూడండి.

ఒక చెవి వినపడకపోయినా పిల్ల హాయిగా పెరుగుతుంది, కాకపోతే పెద్దయ్యాక దానితో పిల్లల్ని పుట్టించకూడదు. తీసుకునేవాళ్లకు ఈ సంగతి దాచకుండా చెప్పండి. ఎనిమిది వారాలు నిండాకే తల్లి దగ్గర నుంచి పంపండి.

ఇంకోమాట. వీటికి మూత్రంలో యూరేట్ రాళ్లు (యూరిక్ యాసిడ్ వల్ల ఏర్పడేవి) వచ్చే అవకాశం ఎక్కువ. కార్జం పెట్టొద్దనీ, నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచమనీ చెప్పి మరీ పంపండి.