అనంతపురం ఎండల్లో జాక్ రస్సెల్ టెర్రియర్ పెంపకం

జాక్ రస్సెల్ టెర్రియర్ భుజం దగ్గర పది, పన్నెండు అంగుళాల ఎత్తు, ఐదారు కిలోల బరువు మాత్రమే ఉంటుంది కనుక చిన్న ఇంట్లో సులువుగా ఒదిగిపోతుందని భావించి చాలామంది దాన్ని తెచ్చుకుంటారు. అయితే ఈ జాతిని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతానికి చెందిన జాన్ రస్సెల్ అనే మతగురువు, బొరియల్లో దాగిన నక్కలను బయటికి తరిమే పని కోసం వృద్ధి చేశాడు. తవ్వడం, మొరగడం, కదిలే ప్రతి చిన్న ప్రాణినీ వెంటాడటం దాని రక్తంలోనే ఉన్నాయి. కాబట్టి ప్రతిరోజూ దానికి తగిన పని కల్పించడం, ఆ పనిని మన సీమ ఎండ అనుమతించే వేళల్లోనే చేయించడం యజమాని మొదటి బాధ్యత.

మార్చి నుంచి జూన్ వరకు తెల్లవారుజామునే ఒకసారి, రాత్రి భోజనానికి ముందు మరొకసారి నడిపించాలి. రెండు పూటలా కలిపి గంటకు తగ్గకూడదు. తారురోడ్డు, కడప బండలు పరిచిన వాకిలి పొద్దు గూకిన చాలాసేపటి వరకు వేడిని వదలవు. అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్ల పాటు నేలకు ఆనించి ఉంచలేకపోతే, దాని పాదాలు కూడా ఆ వేడిని ఓర్చుకోలేవు. పగలంతా ఇంట్లో ఉన్నప్పుడు ముక్కుకు పని పెట్టడం మంచిది. పాత గుడ్డపేలికలు నింపిన అట్టపెట్టెలో ఉడికించిన కోడిమాంసం ముక్కలు దాచి వెతికించండి. పావుగంట వెతుకులాట దాన్ని ఎంత తృప్తిపరుస్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పెరట్లో వేపచెట్టు నీడన ఒక మూల ఇసుక పోసి, అందులో బొమ్మలు పాతిపెట్టి, అక్కడ తవ్వినప్పుడల్లా మెచ్చుకుంటే, పూలమొక్కల పాదులు చాలావరకు దక్కుతాయి. ఇంత చురుకైన ప్రాణిని కాపలా పేరుతో రోజంతా గొలుసుకు కట్టి ఉంచడం క్రూరత్వమని నా అభిప్రాయం. అలా కట్టిన కుక్క ఎడతెగకుండా మొరగడం, కరవడం నేర్చుకుంటుంది.

ఆటలో మునిగిన టెర్రియర్ అలసటను లెక్కచేయదు, అందుకే వడదెబ్బ ముప్పు దానికి ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం మొదలైనట్లే. నాలుక ముదురు ఎరుపుగా మారడం, చిక్కని చొంగ కారడం, తూలడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీటితో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు సలసలా కాగినట్లుంటాయి కనుక, వేసవి అంతా ఇంటి లోపల ఒక డ్రమ్ములో నీళ్లు పట్టి ఉంచుకోండి. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు.

ప్రహరీ గోడ కనీసం ఐదడుగులు ఉండాలి, గేటు కింది సందును మూసేయాలి. పక్కింటి నాటుకోళ్లను చూసినా, తనకంటే నాలుగింతలున్న వీధికుక్కను చూసినా ఇది వెనక్కి తగ్గదు; అందువల్ల బయట హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), తాడు లేకుండా వదలవద్దు. వేరుశనగ పొలాల గట్ల వెంట ఈ నియమం మరింత కఠినంగా పాటించాలి. ఎలుకల బొరియలున్న చోట నాగుపాము, రక్తపింజరి కూడా ఉంటాయి, టెర్రియర్ ముందుగా ముక్కునే లోపలికి దూరుస్తుంది. పాము కరిస్తే కట్టు కట్టవద్దు, గాటు పెట్టవద్దు, నడిపించవద్దు. ఎత్తుకుని వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. విషవిరుగుడు మందు ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో ముందే కనుక్కుని ఆ ఫోన్ నంబరు రాసి పెట్టుకోవాలి. మందు తిని చచ్చిన ఎలుకను కుక్క కొరికినా విషం ఎక్కవచ్చు.

ఆహారం విషయంలో మన వంటింటి అలవాట్లే సమస్య. రాగిసంగటి ముద్ద కొద్దిగా పెట్టవచ్చు గానీ అందులో పులుసు కలపకూడదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. బూజు పట్టిన వేరుశనగ గింజలు, నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క కాలేయాన్ని పాడుచేస్తాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన మాంసం, గుడ్డు, లేదా మంచి కుక్కల మేత రోజుకు రెండు పూటలు చాలు. పక్కటెముకలు చేతికి తగులుతూ, కంటికి కనిపించకుండా ఉంటే బరువు సరిగా ఉన్నట్టే.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేవరకు వైద్యుడు చెప్పిన వ్యవధిలో వేయించాలి. ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కు రక్షణ అందులో ఉందో లేదో అడగండి. పిడుదుల వల్ల రక్తంలో వ్యాధులు వస్తాయి కనుక చెవుల లోపల, కాలివేళ్ల మధ్య రోజూ వెతకాలి. చివరగా కళ్లు: టెర్రియర్లలో వంశపారంపర్యంగా కంటి కటకం స్థానం తప్పే జబ్బు ఉంది. కన్ను హఠాత్తుగా ఎర్రబడినా, మసకబారినా, కుక్క దాన్ని తెరవలేకపోయినా చుక్కల మందుతో కాలయాపన చేయకుండా అదే రోజు పశువైద్యునికి చూపించి, అవసరమైతే పెద్ద కేంద్రానికి పంపమని అడగాలి.