ట్యాంకుల వాసన ముక్కుకు తెలుస్తోంది, మీటరుకు తెలియడం లేదు: ఎందుకు?

పెట్రోలు, డీజిలు నిల్వ చేసే డిపోల పక్కన ఉండేవాళ్లు గాలి మీటర్లు సొంతంగా పెట్టుకోవడం మంచి పని. చిక్కు ఎక్కడొస్తుందంటే, కొన్నాళ్లకే మీటరు ఒకటి చెబుతుంది, ముక్కు ఇంకొకటి చెబుతుంది. విసిగిపోయి కొందరు మీటరును మూలన పడేస్తారు, కొందరు తమ ముక్కునే అనుమానిస్తారు. రెండు విధాలా నష్టపోయేది అక్కడ గాలి పీల్చేవాళ్లే. అందుకే తరచూ వచ్చే తేడాలు, వాటికి కారణాలు, చేయాల్సిన పని రాస్తున్నాను.

ఘాటైన వాసన వస్తోంది, మీటరు మాత్రం పచ్చగా ఉంది

మీ మీటరు దేన్ని కొలుస్తుందో ముందు చూడండి. తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని ధూళి కణాలు, కొలిచేవే. లోపలి చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, ధూళి కణాలకు తగిలి చెదిరిన లేజర్ వెలుగును బట్టి అంకె వస్తుంది. పెట్రోలు ఆవిరి వాయువు కాబట్టి లేజరుకు అది కనపడదు. మీటరు చెడిపోలేదు, అడగాల్సిన ప్రశ్న దాన్ని అడగలేదంతే.

ఆవిరి కోసం వీఓసీలు (తేలిగ్గా ఆవిరయ్యే కార్బన్ రసాయనాలు) కొలిచే పీఐడీ అనే రకం మీటరు కావాలి. అందులో అతినీలలోహిత దీపం ఉంటుంది, దాని వెలుగు ఆవిరి అణువు నుంచి ఎలక్ట్రానును ఊడగొడితేనే అంకె వస్తుంది. ఎక్కువగా వాడే దీపం శక్తి 10.6 ఎలక్ట్రాన్ వోల్టులు. పెట్రోలులో ఉండే బెంజీన్‌కు 9.24 చాలు, కాబట్టి దొరికిపోతుంది. వంటగ్యాసులో ఉండే ప్రొపేన్‌కు 10.95 కావాలి, మీథేన్‌కు ఇంకా ఎక్కువ. అంటే పక్కన ఉన్నవి గ్యాస్ ట్యాంకులైతే పీఐడీలో సున్నా చూసి నిశ్చింతగా ఉండకూడదు.

పీఐడీ అంకె చూపిస్తోంది, అందులో బెంజీన్ ఎంతో తెలియడం లేదు

తెలియదు కూడా. పీఐడీ అన్ని ఆవిర్లనూ కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. మనకు టెన్షన్ పెట్టాల్సింది బెంజీనే, ఎందుకంటే ఏళ్ల తరబడి పీలిస్తే రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. యూరోపియన్ యూనియన్‌లో దాని వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. ఒక పీపీబీ (వంద కోట్ల వంతుల గాలిలో ఒక వంతు) బెంజీన్ అంటేనే సుమారు 3.2 మైక్రోగ్రాములు. పదుల పీపీబీలు అటూఇటూ ఊగే మీటరుతో ఈ లెక్క తేలదు. ముక్కుతోనూ తేలదు. ఈ పరిమితికి వందల రెట్లు ఉంటే తప్ప బెంజీన్ వాసన మనిషికి తెలియదు. వాసన లేని రోజు గాలి బాగుందని అనుకోవద్దని ఇందుకే చెబుతున్నాను.

దీనికి దారి శోషక గొట్టాలు. వేలెడంత గొట్టం, లోపల ఆవిరిని పట్టుకునే పొడి. తలెత్తున, వాన పడకుండా చిన్న గొడుగు కింద, తెరిచిన మూతి కిందికి ఉండేలా వేలాడదీసి, 14 రోజుల తర్వాత మూత బిగించి ల్యాబుకు పంపాలి. వాటితో పాటు తెరవని గొట్టం ఒకటి తప్పక పంపండి. దారిలో గాని, నిల్వలో గాని అంటుకున్న మలినం ఎంతో అదే చెబుతుంది. అమెరికాలో 2015 నాటి నిబంధన ప్రకారం చమురు శుద్ధి కర్మాగారాలు కంచె చుట్టూ ఇలాంటి గొట్టాలే పెడతాయి. ప్రతి విడతలో అత్యధిక, అత్యల్ప ఫలితాల తేడా తీసుకుంటారు. ఆ తేడాల వార్షిక సగటు 9 మైక్రోగ్రాములు దాటితే కంపెనీ కారణం వెతికి సరిచేయాలి. ఈ తేడా పద్ధతి మనమూ వాడుకోవచ్చు. రోడ్డు మీది బండ్ల పొగ రెండు వైపులా ఒకేలా ఉంటే లెక్కలోంచి పోతుంది, ట్యాంకుల వాటా మిగులుతుంది.

వేకువన అంకె పెరిగి, ఎండ ఎక్కేసరికి దిగిపోతోంది

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. గాలి వీచని చల్లని రాత్రుల్లో నేలబారున పేరుకుపోతుంది. ఇది నిజమైన పెరుగుదల. రెండోది తేమ. తేమ 80 శాతం దాటితే కణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి, పీఎం అంకె ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. తేమ గీతనూ అంకె గీతనూ ఒకే కాగితం మీద గీసి చూడండి. రెండూ కలిసి నడిస్తే తేమను అనుమానించాలి.

వీఓసీ అంకె ఒక్కటే పెరిగితే ట్యాంకు ఎప్పుడు నింపారో డిపోవాళ్లను అడగండి. కింది నుంచి ఇంధనం ఎక్కుతుంటే పైనున్న ఆవిరి బయటికి తోసుకొస్తుంది. ఇలా రాసిపెట్టుకుంటే అడగడం తేలిక: "5:20, పెట్రోలు వాసన, గాలి పడమటి నుంచి, నెమ్మదిగా, 10 నిమిషాలు." పడమటి గాలి అంటే పడమటి నుంచి వచ్చేదని గుర్తుంచుకోండి. దీన్ని తిప్పి రాస్తే నింద తప్పు ట్యాంకు మీద పడుతుంది.

గీత తిన్నగా, కదలకుండా ఉంది

దీన్ని చూసి చాలామంది గాలి బాగుందనుకుంటారు. నాకైతే అన్నిటికన్నా భయం వేసేది ఇదే. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ డిపోలో తెల్లవారుజామున 3 గంటల ప్రాంతం నుంచి ఒక ట్యాంకు మట్టం చూపే గేజి అదే అంకె దగ్గర ఆగిపోయింది. లోపలికి పెట్రోలు వస్తూనే ఉంది. 2.5 లక్షల లీటర్లకు పైగా పొర్లి, ఆవిరి మేఘమై, 6 గంటలు దాటగానే పేలింది. 43 మంది గాయపడ్డారు. నిజమైన గాలి ఎప్పుడూ కొంచెమైనా కదులుతుంది. మీటరు మూత తీసి చూడండి: ఫ్యాను రెక్కలకు సాలెగూడు, పీఐడీ దీపం అద్దం మీద దుమ్ము, ఇవే ఎక్కువగా దొరుకుతాయి. శుభ్రం చేశాక పీఐడీని ఐసోబ్యూటిలీన్ గ్యాసుతో క్యాలిబ్రేట్ చేయించండి, అంటే తెలిసిన మోతాదు గ్యాసు పెట్టి అంకె సరిచూపించండి.

కుళ్లిన గుడ్ల వాసన వచ్చి, ఉన్నట్టుండి పోయింది

ముడిచమురు ట్యాంకుల దగ్గర ఇది హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు. మోతాదు ఎక్కువైతే అది వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. మీటరు కోసం ఆగొద్దు. స్విచ్చులు ముట్టుకోకుండా, బండి స్టార్ట్ చేయకుండా, గాలి వీచే దారికి అడ్డంగా నడిచి ఆవిరిలోంచి బయటపడి, గాలి వచ్చే దిక్కుకు చేరి, అక్కడి నుంచి అగ్నిమాపక శాఖకు ఫోన్ చేయండి.