బాల్టిమోర్‌లో ఇల్లు వెతుక్కునే ముందు

అమెరికాలోని బాల్టిమోర్ వెళ్తున్నానని చెప్పగానే ఎవరో ఒకరు అక్కడి నేరాల గురించి చెప్పి మిమ్మల్ని భయపెట్టే ఉంటారు. వారు చెప్పింది అబద్ధం కాదు, అలాగని అదే మొత్తం ఊరూ కాదు. 1950లో ఇక్కడి జనాభా తొమ్మిదిన్నర లక్షలు. 2020 లెక్కల్లో 5.86 లక్షలే. ఉక్కు పని పోయింది, జనం శివార్లకు తరలిపోయారు, కొన్ని వీధుల్లో ఇళ్లు కిటికీలకు చెక్కలు బిగించుకుని మిగిలాయి. అందుకని పేట పేరు విని ఇల్లు తీసుకోవద్దు. ఒక వీధిలో వరస ఇళ్ల ముందు పాలరాతి మెట్లు కడిగి తళతళలాడుతుంటాయి, రెండు వీధులు దాటితే వరసంతా ఖాళీ. నేను హైదరాబాద్‌లో కూర్చుని ఫొటోలు చూసి ఒప్పందం మీద సంతకం పెట్టాను. ఏడాదిపాటు చీకటి పడకముందే ఇల్లు చేరాల్సి వచ్చింది. మొదటి రెండు వారాలు తెలిసినవారి ఇంట్లో సర్దుకోండి. నచ్చిన ఇంటిని పగలు ఒకసారి, రాత్రి ఎనిమిదికి మరోసారి చూడండి.

మిక్సీ తేవద్దు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మన మిక్సీకి 230 కావాలి, పైగా ప్లగ్గూ పట్టదు. ఈ ప్లగ్గు తిప్పలు ఈ ఊరికి కొత్త కాదు. 1904 ఫిబ్రవరిలో ఊరి నడిబొడ్డున మంటలు లేస్తే వాషింగ్టన్, ఫిలడెల్ఫియాల నుంచి అగ్నిమాపక బండ్లు రైలెక్కి వచ్చాయి. తీరా వస్తే వారి గొట్టాల మరలు ఇక్కడి నీటి కొళాయిలకు బిగుసుకోలేదు. పదిహేను వందలకు పైగా భవనాలు కాలిపోయాయి. దేశమంతా గొట్టాలకు ఒకే కొలత ఉండాలన్న పట్టుదల ఆ బూడిదలోంచే బలపడింది.

కారు కొనే తొందర అక్కర్లేదు. ఊరి మధ్యలో సర్క్యులేటర్ బస్సుకు టికెట్ లేదు, విమానాశ్రయానికి లైట్ రైలు ఉంది, వాషింగ్టన్‌కు మార్క్ రైలులో సుమారు గంట. లాన్హమ్‌లోని శివవిష్ణు ఆలయానికి మాత్రం ఎవరి కారైనా పట్టుకోవాల్సిందే.

హార్బర్‌ప్లేస్ అనే దుకాణాల సముదాయం 1980లో, అక్వేరియం 1981లో తెరిచాక రేవు ఒడ్డుకు పర్యాటకులు రావడం మొదలైంది. చుట్టాలు వస్తే తీసుకెళ్లండి. నన్నడిగితే ఫెల్స్ పాయింట్ అనే పాత రేవు పేట మేలు. రాళ్లు పరిచిన ఆ వీధుల్లోనే, తర్వాత బానిసత్వం మీద పోరాడి పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా ఉంటూ ఓడల పలకల సందులు పూడ్చే పని నేర్చుకున్నాడు, 1838లో ఈ ఊరి నుంచే రైలెక్కి తప్పించుకున్నాడు. సాయంత్రం అక్కడ నిలబడితే నీళ్లకు అవతల డామినో చక్కెర కర్మాగారం ఎర్ర అక్షరాలు వెలుగుతాయి. ఆ ఒడ్డుకు ముడి చక్కెర ఓడలు ఇప్పటికీ వస్తాయి. చూడటానికి అలంకరించిన రేవు కాదిది, పనిచేసే రేవు.

వేసవిలో పీతలు తినాలి. బల్ల మీద కాగితం పరిచి, ఆవిరికి ఉడికిన పీతలను కుప్పగా పోసి, చేతికి చెక్క సుత్తి ఇస్తారు. పైన ఎర్రగా అంటుకుని ఉండేది ఓల్డ్ బే మసాలా. నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన ఒక జర్మన్ యూదుడు ఇక్కడే తయారుచేసిన పొడి అది. మన కారానికి సాటిరాదు కానీ, బంగాళాదుంప వేపుడు మీద చల్లి చూడండి.

ఫోర్ట్ మెక్‌హెన్రీకి ఒక ఆదివారం వెళ్లండి. 1814లో బ్రిటిష్ ఓడలు ఇరవై అయిదు గంటలు గుండ్లు కురిపించినా ఆ కోట లొంగలేదు. తెల్లవారి ఎగురుతున్న జెండాను చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన పద్యమే ఈ దేశపు జాతీయ గీతం. ఆయన పేరున్న వంతెన ఆ దిగువనే ఉండేది. 2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక డాలీ అనే సరుకు ఓడ ఢీకొని కూలిపోయింది. ఓడలోని నావికుల్లో ఎక్కువమంది మన భారతీయులే. ఓడ నుంచి ముందుగా వెళ్లిన హెచ్చరికతో పోలీసులు వాహనాలను ఆపగలిగారు, వంతెన మీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలను మాత్రం కాపాడలేకపోయారు. అప్పటి నుంచి వంతెన మీదుగా వెళ్లే బండ్ల భారం రేవు నీటి కిందున్న సొరంగాల మీద పడింది. కారు కొన్న రోజే సుంకం దానంతటదే కట్టే ఈజీపాస్ తీసుకోండి, లేకపోతే సుంకం ఎక్కువ వేసి బిల్లు ఇంటికి పంపుతారు.