కంప్యూటర్ రైళ్లకు కళ్లెం – 6వ పాఠం: స్టేషన్‌లో మాత్రమే నెమ్మది

రైలు సిమ్యులేటర్ ఆటలో కంప్యూటర్ నడిపే బండ్ల గురించి గత పాఠం చదివి, రూట్ ఫైలులో (దారి వివరాలుండే ఫైలు) వేగ పరిమితి మార్చినవారిలో చాలామందికి ఒకే అనుభవం ఎదురైంది. గంటకు అరవై దాటకూడదని 60 వేశారు. బండి మాత్రం ఇంజనుకు సత్తా ఉన్నంత వేగంతో ప్లాట్‌ఫారం పక్కనుంచి దూసుకుపోయింది. తప్పు నాదే, కొలమానం సంగతి చెప్పకుండా వదిలేశాను. 2001 నాటి మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో ఆ ఫైలు సెకనుకు మీటర్లలో లెక్క చూస్తుంది. అవే ఫైళ్లు చదివే మరో సిమ్యులేటర్ ఓపెన్ రైల్స్‌లోనూ అంతే. మీరు వేసిన 60 అంటే గంటకు 216 కిలోమీటర్లు! మీకు కావలసిన వేగాన్ని 3.6తో భాగించి వేయండి. 60కి 16.67, 30కి 8.33. ఈ రెండు అంకెలను కాగితం మీద రాసి మానిటరు అంచుకు అంటించుకున్నాను. అంతకు మించిన పట్టిక నాకెప్పుడూ అవసరం రాలేదు.

ఫైలును యూటీఎఫ్-16 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లోనే సేవ్ చేయాలి. అసలు ప్రతిని ముందే దాచుకోవాలని వేరే చెప్పను.

ఇక అసలు విషయం. రూట్ ఫైలులోని పరిమితి దారి మొత్తానిది. స్టేషన్‌లో మాత్రమే నెమ్మదించాలంటే చాలామంది యాక్టివిటీ ఫైలులోని (ఏ బండి ఎప్పుడు ఎలా నడవాలో ఉండే ఫైలు) ఎఫిషియెన్సీ మీద పడతారు. అనుమతించిన వేగంలో ఎంత వంతుతో నడవాలో చెప్పే సంఖ్య అది, 1 అంటే పూర్తి వేగం. ప్రతి స్టేషన్ పద్దులోనూ ఆ సంఖ్య కనిపిస్తుంది కాబట్టి అది ఆ స్టేషన్‌కే చెందినదనుకుంటారు. ఈ పొరపాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది స్టేషన్‌ది కాదు, రెండు స్టేషన్ల నడుమ పరుగుది.

లెక్క చూడండి. రెండు స్టేషన్ల మధ్య 12 కిలోమీటర్లు. ఆ సంఖ్య తగ్గించడం వల్ల బండి 100కు బదులు 60తో నడిచిందనుకుందాం. 7 నిమిషాల 12 సెకన్ల ప్రయాణం 12 నిమిషాలైంది. 4 నిమిషాల 48 సెకన్లు గాలికి పోయాయి. వెనక వస్తున్న బండి ఎర్ర సిగ్నల్ దగ్గర నిలబడింది, దాని వెనకది ఇంకో సిగ్నల్ దగ్గర. అదే స్టేషన్ పరిధిలోని కిలోమీటరున్నర వరకే 60 పెడితే? 54 సెకన్లకు బదులు 90. పోయేది 36 సెకన్లు, బ్రేకుకూ మళ్లీ వేగం అందుకోవడానికీ మరికొంత. ఎఫిషియెన్సీని నేను 1 దగ్గరే ఉంచుతాను. బద్ధకంగా నడిచే గూడ్సుకు తప్ప దాన్ని ముట్టుకోను.

స్టేషన్ కోసం వేగపు బోర్డులు పెట్టండి. రూట్ ఎడిటర్‌లో లోపలికి వచ్చే మొదటి పాయింటు (పట్టాలు చీలే చోటు) దగ్గర వేగం తగ్గించేది ఒకటి, బయటికి పోయే చివరి పాయింటు అవతల మళ్లీ పాత వేగం చెప్పేది మరొకటి. రెండో దిక్కుకు మరో జత.

జాగ్రత్త కోసమని మొదటి బోర్డును ఆ పాయింటుకు కిలోమీటరు ముందే పెట్టకండి. కంప్యూటర్ డ్రైవరు బోర్డు దగ్గరికి వచ్చాక బ్రేకు వేయడు, అక్కడికి వచ్చేసరికే వేగం తగ్గించుకుని ఉంటాడు. బోర్డు మీద 30 ఉండి, అది కిలోమీటరు ముందుంటే ఆ కిలోమీటరంతా 30తో పాకుతాడు. 100తో 36 సెకన్లు పట్టే దూరానికి 2 నిమిషాలు.

అభ్యాసం కొంచెం కష్టమైనదే. బోర్డు 30 అని పెట్టి, 100తో వచ్చే బండి వెంట కెమెరా తీసుకెళ్లండి. వేగం తగ్గడం మొదలైన చోటు నుంచి బోర్డు దాకా దూరం కొలవండి. రెండు వేగాలనూ సెకనుకు మీటర్లలోకి మార్చి, వర్గాల తేడాను దూరానికి రెట్టింపుతో భాగించండి. దూరం 700 మీటర్లయితే 27.78 వర్గంలోంచి 8.33 వర్గం తీసేసి 1400తో భాగిస్తే సుమారు 0.5 వస్తుంది. ఆ బండి సెకను సెకనుకూ అంత వేగం తగ్గించుకుంటోందన్నమాట. ప్రయాణికుల బండికి ఒకసారి, నిండు గూడ్సుకు ఒకసారి చేయండి. 7వ పాఠంలో బండిని లూప్ లైనులోకి (ప్రధాన లైను పక్కనుండే లైను) మళ్లించేటప్పుడు ఆ రెండు అంకెలూ అడుగుతాను.