బత్తాయి రసంలో చక్కెర ఎంతుందో ఫోన్ కెమెరాతో కొలిచే పద్ధతి

చక్కెరకు రంగు లేదు. అందుకే రసాన్ని నేరుగా ఫొటో తీస్తే ఏమీ తేలదు. బెనిడిక్ట్ ద్రావణం కలిపి వేడిచేస్తే, అందులోని నీలిరంగు రాగిని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు ఎర్రటి మడ్డిగా కిందికి దించేస్తాయి. మనం కొలిచేది మిగిలిన నీలాన్ని. నీలి ద్రావణం ఎరుపు కాంతిని మింగేస్తుంది కాబట్టి ఫొటోలో చూడాల్సింది ఎరుపు విలువ, నీలం విలువ కాదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు బోరు నీళ్లు దీనికి వద్దు. ఉప్పునీళ్లలోని కాల్షియం వల్ల ద్రావణం మసకబారవచ్చు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ చాలు.

1 గ్రాము గ్లూకోజ్‌ను నీళ్లలో కరిగించి 100 మి.లీ. చేయండి. సీసా మీద మోనోహైడ్రేట్ అని ఉంటే 1.1 గ్రాములు తూచాలి. ఐదు టెస్ట్‌ట్యూబుల్లో దీన్ని 0, 0.2, 0.4, 0.6, 0.8 మి.లీ. పోసి, ఒక్కోదాన్ని నీళ్లతో 1 మి.లీ.కి నింపండి. బత్తాయి రసాన్ని గుడ్డలో, తర్వాత ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి, 5 మి.లీ.ను 100 మి.లీ. చేసి, అందులోంచి 1 మి.లీ. ఆరో ట్యూబులో పోయండి. పలచన చేయకపోతే పని చెడుతుంది: 5 మి.లీ. బెనిడిక్ట్‌లోని రాగి సుమారు 10 మిల్లీగ్రాముల చక్కెరకే అయిపోతుంది, ఆపైన ఎంతున్నా కెమెరాకు ఒక్కటే.

అన్నింటిలో 5 మి.లీ. చొప్పున బెనిడిక్ట్ పోసి, మరిగే నీళ్లలో ఒకేసారి పెట్టి, 10 నిమిషాలకు ఒకేసారి తీసి చల్లార్చండి. మడ్డి పేరుకున్నాక పైతేటను వడకట్టి, ఒకే సైజు ట్యూబుల్లోకి మార్చండి. ఎర్ర నలుసు తేలుతుంటే ఎరుపు విలువ పెరిగి, లేని చక్కెర ఉన్నట్టు చూపిస్తుంది.

అసలు కష్టమంతా ఫొటో దగ్గరే. వెనక తెల్ల కాగితం అంటించిన అట్టపెట్టెలో ట్యూబులన్నీ, పక్కన ఉత్త నీళ్ల ట్యూబూ నిలబెట్టి, ఒకే ఫొటోలో తీయండి. కెమెరాను ఆటోలో వదిలితే ప్రతి ఫొటోకూ వెలుగును, రంగును తనకు తోచినట్టు సర్దేస్తుంది. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టి, వైట్ బ్యాలెన్స్ కదలకుండా లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ షట్టర్‌కు ఎల్ఈడీ చారలు పడవు. నీళ్ల ట్యూబు ఎరుపు విలువ 200 దాటి, 255కు మాత్రం తగలకుండా చూసుకోండి.

ఇమేజ్‌జె (ఫొటోలోని రంగుల విలువలు కొలిచే కంప్యూటర్ ప్రోగ్రామ్)లో ప్రతి ట్యూబు నడిమధ్య చిన్న చతురస్రం గీసి, కలర్ హిస్టోగ్రామ్‌లో ఎరుపు సగటు రాసుకోండి. నీళ్ల విలువను ట్యూబు విలువతో భాగించి లాగ్ తీసి, గ్లూకోజ్ శాతానికి (ఐదు ట్యూబులకు వరసగా 0, 0.2, 0.4, 0.6, 0.8) ఎదురుగా గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగుతుంది. కాస్త వంగినా కంగారు వద్దు, జేపెగ్ విలువలు కాంతికి సూటిగా అనుపాతంలో ఉండవు. రసం విలువను ఆ గీత మీదే చదివి 20తో గుణించండి. 0.22 వస్తే 4.4 శాతం. ఇంకొకరి ఫోన్‌తో గీసిన గీత మీకు పనికిరాదు.

సుక్రోజ్ (మామూలు పంచదార) రాగిని దించదు కాబట్టి ఇందులో లెక్కకు రాదు. బత్తాయిలో అది తక్కువేమీ కాదు. మొత్తం చక్కెర కావాలంటే సుక్రోజ్‌ను ఆమ్లంతో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టాలి: 5 మి.లీ. రసానికి 5 మి.లీ. 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచండి. చల్లారాక నురగ ఆగేదాకా చిటికెడు చిటికెడు వంటసోడా వేసి, అప్పుడు 100 మి.లీ. చేయండి. ఆమ్లం మిగిలితే బెనిడిక్ట్ సరిగా పనిచేయదు. విటమిన్ సి కూడా రాగిని దించుతుంది గానీ, చక్కెర ముందు దాని వాటా చాలా తక్కువ.

పని అయ్యాక రాగి నీళ్లను మొక్కల పాదుల్లో పోయకండి. విడిగా డబ్బాలో పోసి ల్యాబ్ వ్యర్థాల్లో ఇవ్వండి.