హవాయి మీద ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక రాసేటప్పుడు

ముందు తేదీ ఎంచుకోండి, సంఘటనల కోసం ఆ తర్వాత వెతకండి. నచ్చిన సంఘటనలు ముందే పెట్టుకుని ఒకే తేదీలో ఇరికించబోతే ఏదో ఒకటి ఒకరోజు అటో ఇటో తేలుతుంది. తేదీకి మూడు చాలు.

జనవరి 17నే తీసుకోండి. 1779లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడలు హవాయిలోని కేయాలకేకువా అఖాతంలో లంగరేశాయి. 1893లో హవాయి రాణి లిలియుఓకలానిని గద్దె దింపారు. సరిగ్గా నూరేళ్లకు, 1993లో, హొనొలులులోని ఇయోలాని ప్యాలెస్ దగ్గర వేలమంది గుమిగూడారు.

మూడింటిలోకి తప్పులు దొర్లేది 1893 దగ్గరే. యూఎస్‌ఎస్ బోస్టన్ యుద్ధనౌక నుంచి 160 మందికి పైగా అమెరికా సైనికులు ఒడ్డున దిగింది 16 సాయంత్రం. 17న జరిగింది వేరు: మధ్యాహ్నం ప్రభుత్వ భవనం అలీఇయోలాని హాలే దగ్గర రాచరికం రద్దయిందని ప్రకటన చదివారు, శాన్‌ఫర్డ్ డోల్ తాత్కాలిక ప్రభుత్వానికి అధ్యక్షుడయ్యాడు. రాణి అదే రోజు రాతపూర్వకంగా నిరసన తెలిపారు. అందులో ఆమె తలొగ్గింది డోల్ ప్రభుత్వానికి కాదు, అమెరికా బలానికి. కాబట్టి ‘రాణి సింహాసనం త్యజించారు’ అని రాస్తే తప్పు. త్యాగపత్రం మీద సంతకం 1895 జనవరి 24న, ఆమె నిర్బంధంలో ఉండగా పెట్టించుకున్నది. రెండు జనవరులూ కలిసిపోవడం మామూలే.

ప్రతి సంఘటనకూ క్రియాపదాన్ని పట్టి చూడండి: సంతకమా, ప్రకటనా, అమలా, వేడుకా? హవాయిని అమెరికాలో కలుపుకునే తీర్మానం మీద అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ సంతకం 1898 జులై 7న, జెండా మార్చిన వేడుక ఆగస్టు 12న. రాష్ట్ర హోదా చట్టం మీద ఐసన్‌హోవర్ సంతకం 1959 మార్చి 18న, హవాయి రాష్ట్రమైంది ఆగస్టు 21న. సెలవు చూసి తేదీ రాసేస్తే దొరికిపోతారు, ఎందుకంటే రాష్ట్రావతరణ సెలవు ఆగస్టు మూడో శుక్రవారం, ఏటా మారుతుంది.

ఇక దినరేఖ గొడవ, అంటే దాటితే తేదీ మారే పసిఫిక్‌లోని ఊహారేఖ. కుక్ బృందం ఆఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రం చుట్టి తూర్పుగా పసిఫిక్‌లోకి వచ్చింది, దారిలో తేదీ వెనక్కి జరుపుకోలేదు. అంటే ఓడ దినచర్యలోని 17, నేటి హవాయి లెక్కలో 16. పుస్తకాలన్నీ 17 అనే వేస్తాయి కనుక మీరూ అదే ఉంచి, ‘ఓడ లెక్క ప్రకారం’ అని ఒక్క మాట చేర్చండి. పెర్ల్ హార్బర్ దాడికీ ఇలాంటి చిక్కే: హవాయిలో 1941 డిసెంబరు 7 ఉదయం, టోక్యోలో అప్పటికే 8. కుక్ విషయంలోలా పుస్తకాల్లో స్థిరపడిన తేదీ ఉంటే తప్ప, సంఘటన జరిగిన చోటి తేదీనే వేయండి.

రాసేటప్పుడు సంవత్సరం ముందు, సంఘటనకు రెండు వాక్యాలు మించకుండా, ఇలా:

1893: అలీఇయోలాని హాలే దగ్గర రాచరికం రద్దు ప్రకటన. ముందురోజే దిగిన అమెరికా సైనికులు ఊళ్లో ఉండగా, లిలియుఓకలాని రాణి నిరసన తెలుపుతూ అమెరికా బలానికి తలొగ్గారు.